కర్నూలు పిల్లలకు ‘కర్నూలు’ రాయడం రావట్లేదు

ఈ సాయంత్రం మిద్దె మీద పిల్లలకు మళ్లీ ఉక్తలేఖనం (నేను చెబితే వాళ్లు రాయడం) పెట్టాను. గుణింతాలు గట్టిపడ్డాయి. గుత్తి, ఉగ్గాని, బజ్జి ఒక్క తప్పు లేకుండా రాశారు. ‘కర్నూలు’ అనేసరికి కథ మళ్లీ మొదటికొచ్చింది.

వీళ్లంతా మూడో తరగతి. ఊరి పేరు బస్సుల మీద రోజూ చూస్తారు. చూచిరాతలో చక్కగా దించుతారు. చెప్పి రాయిస్తేనే చిక్కు. ఎక్కువమంది ‘కరనూలు’ అని రాస్తారు. ఇద్దరు న కింద ర ఒత్తు పెట్టి ‘కన్రూలు’ చేశారు. ఒక పాప ర కు పొల్లు పెట్టి, పక్కన నూ రాసింది. దాన్ని తప్పని కొట్టేయడానికి నాకు చెయ్యి రాలేదు.

మొదట ఒత్తుకు జాగా చాలట్లేదేమో అనుకున్నాను. అంగడిలో దొరికే రెండు గీతల కాపీలో కింద 5 మిల్లీమీటర్లే ఉంది. అందుకని తెల్లకాగితం మీద అక్షరానికి 14, ఒత్తుకు 9 మిల్లీమీటర్లు వదిలి గీతలు కొట్టిచ్చాను. ఒత్తులు విడివిడిగా, అందంగా వచ్చాయి. తప్పులు మాత్రం అవే.

తర్వాత ఒత్తు రూపం మీద అనుమానం వచ్చింది. త, న, మ, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు కదా. న ఒత్తు ఒక్కటే రాయమంటే అందరూ రాశారు. అదీ కాదు.

చివరికి చప్పట్లు కొట్టించాను. కర్, నూ, లు: మూడు చప్పట్లు. రాసేటప్పుడు మాత్రం క, ర్నూ, లు అని విరుస్తాం. నోరు ర్ ను క తో కలుపుతుంటే, రాత దాన్ని నూ మీదికి తోస్తోంది. గుత్తి కూడా నోట్లో గుత్, తి అనే విరుగుతుంది. కానీ రెండూ త లే కాబట్టి ఏది పైన, ఏది కింద అన్న గొడవే రాదు. ద్విత్వాలు (అదే అక్షరం ఒత్తు ఉన్నవి) రావడానికి, సంయుక్తాలు (వేరే అక్షరం ఒత్తు ఉన్నవి) రాకపోవడానికి కారణం ఇదేనని నా నమ్మకం. ఒక పిల్లోడు సూటిగా అడిగాడు: “సార్, నూ అంటున్నాం కదా, కొమ్ము న కే పెట్టాల కదా?” పాత ముద్రణలో వలపలగిలకతో (ర్ కు బదులు అక్షరం పక్కన పెట్టే గుర్తు) రాసినప్పుడు న నే పెద్దక్షరం, కొమ్ము కూడా దానికే ఉండేది. వాడి చెవికి ఆ పద్ధతే దగ్గర.

ర నలుపు, ఒత్తు ఎరుపు, కొమ్ము నీలం వేసిన అట్టముక్కలు ఎదురుగా ఉన్నంతసేపే పనిచేశాయి. ఖాళీ పేజీ ఇస్తే మళ్లీ కరనూలే. చప్పట్ల పద్ధతి సరళ పదాలకు ఎంత మంచిదో, సంయుక్తాలకు అంత చెరుపు. ఇక్కడ దాన్ని ఆపేస్తున్నాను.

వచ్చే వారం నుంచి ఊళ్ల పేర్లే, వరస మార్చి. ముందు తలకట్టుతో పోయే ఆత్మకూరు, ధర్మవరం. తర్వాత దీర్ఘం ఉన్న నంద్యాల, గుడి ఉన్న పుట్టపర్తి. కొమ్ము దీర్ఘం ఉన్న కర్నూలు ఆఖరున. ‘నూ లోని న్ ను కిందికి దించు, కొమ్ము ర కు ఇయ్యి’ అని నోటితో చెప్పుకుంటూ రాయిస్తే ఇద్దరికి సగం కుదిరింది. దాన్నే అందరితో చేయించాలి. బస్టాండుకు తీసుకెళ్లి బోర్డులు చూసి రాయించాలని కూడా ఉంది, వాళ్ల అమ్మానాన్నలను అడగాలి.