ముందు తిరుగు బస్సు సంగతి

కొత్త చోటికి ఒక్కదాన్నే బయల్దేరినప్పుడు అక్కడికి ఎలా చేరాలన్నది నాకు పెద్ద చింత కాదు. ఎవరో ఒకరు బస్సు ఎక్కిస్తారు. సాయంత్రం అక్కణ్ణుంచి ఎలా బయటపడాలన్నదే అసలు సంగతి. వానాకాలం చివర్లో విజయవాడ నుంచి వరంగల్ వెళ్ళి రామప్ప గుడి, లక్నవరం చెరువు, వరంగల్ కోట చూసొచ్చిన ప్రయాణం అంతా ఈ లెక్క మీదే నడిచింది. కారు మాట్లాడుకుంటే ఇవన్నీ చకచకా తిప్పేస్తారు. బస్సుల్లో, షేర్ ఆటోల్లో తిరగాలనుకునే వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

మనం వరంగల్ అనేది ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్న మూడు ఊళ్ళు. వరంగల్, హనుమకొండ, కాజీపేట. సికింద్రాబాద్ నుంచి బల్లార్షా మీదుగా ఢిల్లీ పోయే రైళ్ళు కాజీపేటలో ఆగి అటే వెళ్ళిపోతాయి, వరంగల్ స్టేషన్‌కి రావు. విజయవాడ వైపు నుంచి వచ్చే మాకు వరంగలే ముందు తగులుతుంది. కోట స్టేషన్‌కి దగ్గర. వేయిస్తంభాల గుడి, ములుగు వైపు వెళ్ళే బస్సులు హనుమకొండలో ఉంటాయి. రామప్ప, లక్నవరం రెండూ ములుగు వైపే కాబట్టి గది హనుమకొండ బస్టాండు దగ్గర తీసుకున్నాను.

గది ఆన్‌లైన్‌లో కనపడింది కదా అని డబ్బు కట్టేయను. ముందు ఫోన్ చేసి, "ఆడమనిషిని, ఒక్కదాన్నే వస్తున్నాను, ఇస్తారా?" అని సూటిగా అడుగుతాను. ఈసారి మొదటి లాడ్జిలో "ఫ్యామిలీస్‌కే ఇస్తాం మేడం" అన్నారు. ఒళ్ళు మండింది. కానీ రాత్రి తొమ్మిదింటికి సంచి భుజాన వేసుకుని కౌంటర్ ముందు నిలబడి వినాల్సిన మాట ఇంట్లో కూర్చుని విన్నాను, అది నయం. సరేనన్న చోట ఆ మాట అన్నవాళ్ళ పేరు అడిగి రాసుకుంటాను. డ్యూటీ మారి ఇంకొకరు కూర్చుంటే ఆ పేరే అక్కరకొస్తుంది.

దారి అడగడానికి కూడా ఒక పద్ధతి ఉంది. "ఈ బస్సు రామప్ప వెళ్తుందా?" అని అడిగితే సగంమంది "ఆ, పోతది" అనేస్తారు. అబద్ధం చెప్పాలని కాదు, ఆ దారిలో పోతుంది కదా అని. "రామప్పకి ఎలా వెళ్ళాలండీ?" అంటే మాత్రం ఆగి, ఆలోచించి చెబుతారు. బస్టాండు కిటికీ దగ్గర నాకొచ్చిన జవాబు ఇది: "ములుగు బస్సెక్కి మారాలె. లేదంటే ఏటూరునాగారం బస్సుల పోయి జంగాలపల్లి కాడ దిగున్రి, ఆటోలుంటయ్." ఫోన్‌లో మ్యాప్ దూరం చెబుతుంది, మలుపు చూపిస్తుంది. స్టేజీ దగ్గర ఆటో ఉంటుందో లేదో దానికేం తెలుసు?

బస్సు కిటకిటలాడిపోయింది. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకు ప్రయాణం ఉచితం. కండక్టర్ ఆధార్ చూసి జీరో టికెట్ ఇస్తారు. నా కార్డు మీద విజయవాడ అడ్రస్ చూసి నవ్వి, "మీరు టికెట్ తీసుకోవాలె మేడం" అన్నాడు. ఈ పథకం తెలంగాణ వాళ్ళకే. పక్క రాష్ట్రం నుంచి వెళ్ళేవాళ్ళు చిల్లర దగ్గర పెట్టుకోవడం మంచిది. సీటు కావాలంటే బస్సు బయల్దేరే చోటే ఎక్కాలి, మధ్య స్టేజీల్లో ఎక్కితే నిలబడడమే.

నా పక్కన కూర్చున్న పెద్దావిడ మక్క కంకుల మూట కాళ్ళ కింద సర్దుకుంటూ, "ఒక్కదానివే వచ్చినవా బిడ్డా?" అంది. అవునంటే ఒక్క క్షణం చూసి, ఆ తర్వాత నాకు దొరికిన సలహాలన్నిట్లోకీ గొప్పది చెప్పింది. వాళ్ళ ఊరికి రాత్రి ఏడున్నరకి బస్సు ఉందట. అయితే అది నైట్ హాల్ట్ బస్సు. వచ్చి రాత్రికి అక్కడే ఉండి తెల్లారి కదులుతుంది. మనం ఊళ్ళో ఎవరినైనా "ఆఖరు బస్సు ఎప్పుడు?" అంటే వాళ్ళు చెప్పేది ఇంటికి తెచ్చే బస్సు టైమ్. వాళ్ళకు కావాల్సింది అదే మరి. మనకు కావాల్సిన బస్సు అంతకు గంట ముందో రెండు గంటల ముందో వెళ్ళిపోయి ఉంటుంది. అందుకని "ఇక్కణ్ణుంచి హనుమకొండకి పోయే చివరి బస్సు ఎన్నింటికి?" అని ఊరి పేరు పెట్టి అడగాలి. అడిగి, దానికి ముందు బస్సుకే బయల్దేరాలి. చివరి బస్సు రాకపోతే చేసేదేం ఉండదు.

జంగాలపల్లి దగ్గర దిగితే ఆటో ఉంది గానీ కదలదు. "నిండితెనే లేస్తదక్కా" అన్నాడు డ్రైవర్. ఇద్దరి చార్జీ ఇస్తానంటే బయల్దేరాడు. ఎక్కకముందే మొత్తం ఎంతో తేల్చుకున్నాను, తిరిగి వెళ్ళేటప్పుడు ఆటోలు ఎక్కడ ఆగుతాయో అతన్నే అడిగి ఉంచుకున్నాను.

ఆ లెక్కలన్నీ పొద్దున్నే అయిపోవడం వల్ల రామప్ప గుడి ఉన్న పాలంపేటలో గడియారం వైపు చూడకుండా తిరగగలిగాను. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన శివాలయం ఇది. శిల్పి పేరు మీద రామప్ప గుడి అయిందంటారు. 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. చాలామంది లోపలికెళ్ళి దండం పెట్టుకుని, నంది దగ్గర ఫోటో దిగి వెళ్ళిపోతున్నారు. తల ఎత్తి చూడాలి. చూరు కింద ఒంపు తిరిగి నిలబడ్డ నల్లరాతి మదనికలు, అంటే ఆడవాళ్ళ శిల్పాలు, కనిపిస్తారు, ఒకామె కాళ్ళకు ఎత్తు మడమల చెప్పుల్లాంటివి ఉన్నాయి. గుడి గోడలు ఎర్ర ఇసుకరాయి, గర్భగుడి పైన శిఖరం మాత్రం నీళ్ళలో తేలేంత తేలికైన ఇటుకలు. పునాదిలో ఇసుక నింపారు, కింద నేల కదిలినా గుడికి దెబ్బ తక్కువ తగిలేలా. ఇన్ని శతాబ్దాలుగా నిలబడింది, నేలమీద పరిచిన బండలు మాత్రం అక్కడక్కడ ఎత్తుపల్లాలయ్యాయి. చెప్పులు బయట వదలాలి, మధ్యాహ్నానికి రాయి కాలిపోతుంది. పొద్దున్నే వెళ్ళండి, లేదా సంచిలో సాక్సులు పెట్టుకోండి.

ఇంకో మాట, మగవాళ్ళు రాసే యాత్రల్లో కనపడదు గానీ. బాత్రూమ్ బాగున్న చోటల్లా వాడేసుకోవాలి, అవసరం లేకపోయినా. బాత్రూమ్ దొరకదన్న భయంతో నీళ్ళు తాగడం మానేసి తిరిగే ఆడవాళ్ళని చాలామందిని చూశాను, అది మంచి పద్ధతి కాదు.

లక్నవరం మర్నాడు. చెరువు, దీవులు, వేలాడే వంతెన, కుటుంబాల సందడి. బాగుంది, అంతకంటే చెప్పడానికేం లేదు. పెద్ద రోడ్డు మీద దిగాక లోపలికి ఏడెనిమిది కిలోమీటర్లు ఉంటుంది, ఆదివారం తప్ప ఆటోలు తక్కువ. నేను తీసుకెళ్ళిన ఆటోనే రెండు గంటలు ఆపి ఉంచుకున్నాను. డబ్బంతా తిరిగి రోడ్డెక్కాకే ఇచ్చాను.

బొగత జలపాతం చూడాలని ఉండింది. ఏటూరునాగారం దాటి, గోదావరి మీద ముళ్ళకట్ట వంతెన దాటి, వాజేడు వైపు పోవాలి. అడవి దారిలో ఫోన్ సిగ్నల్ నమ్ముకోలేం, ఉధృతి ఎక్కువైతే జలపాతం దగ్గరికి వెళ్ళనివ్వరు కూడా. హనుమకొండ నుంచి ఒక్క రోజులో బస్సుల మీద వెళ్ళి రావాలంటే తిరుగు ప్రయాణం చీకట్లో పడుతుంది. కాగితం మీద ఎన్ని రకాలుగా రాసి చూసినా కుదరలేదు, మానేశాను. అటువైపే ఒక రాత్రి ఉండే ఏర్పాటు చేసుకున్నప్పుడు వెళ్తాను.

రైలు రోజుకి కోట అట్టిపెట్టుకున్నాను. స్టేషన్‌కి దగ్గరలో ఉన్నది చివర్లో చూస్తే రైలు తప్పుతుందన్న భయం ఉండదు. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు, మధ్యలో కూలిన స్వయంభూ ఆలయం ముక్కలు, పక్కనే ఖుష్ మహల్ అనే పాత దర్బారు భవనం. కోట గోడల లోపల ఇళ్ళు, పొలాలు, బడికి పోయే పిల్లలు. ఒక దుకాణంలో సర్వపిండి అమ్ముతున్నారు. వేడి వేడిది తిని, రెండు పొట్లం కట్టించుకుని స్టేషన్‌కి ఆటో ఎక్కాను. డ్రైవర్ కాజీపేటా, వరంగలా అని అడిగాడు.