షిఫ్ట్ ఇన్‌చార్జి మాట ఎక్కడ పోతుంది: నా అనుభవం

టాబ్లెట్ల ప్లాంట్‌లో కంప్రెషన్ (పొడిని నొక్కి మాత్రలు చేసే మెషిన్) ఆపరేటర్‌కి ప్రమోషన్ వచ్చి షిఫ్ట్ ఇన్‌చార్జి అయితే చేతికొచ్చే అధికారం చాలా తక్కువ. జీతం పెంచేది ప్లాంట్ హెడ్, ఉద్యోగంలోంచి తీసేది హెచ్ఆర్, తయారైన బ్యాచ్‌ని బయటికి వదిలేది క్యూఏ (నాణ్యత విభాగం). ఇన్‌చార్జికి మిగిలేవి ఓటీ (ఓవర్‌టైమ్) లిస్టు, లీవ్ రిజిస్టర్, తయారీ వివరాలు రాసే బ్యాచ్ రికార్డులో 'చెక్డ్ బై' దగ్గర సంతకం. మాట నిలిచినా పోయినా వీటి దగ్గరే. ఆ మార్పును నేను దాటిన పద్ధతి, పక్క లైన్లలో మాట పోగొట్టుకున్నవాళ్ల దగ్గర చూసిన తప్పులు కలిపి రాస్తున్నాను.

చార్జ్ తీసుకోకముందే తెంచుకోవాల్సింది డబ్బు లావాదేవీ. షిఫ్టులో వాళ్లతో చిట్టీ నడుస్తుంటే ఇంకొకరికి అప్పజెప్పాలి, చేబదులు ఉంటే తీర్చేయాలి. అప్పు ఇచ్చినవాణ్ని ఆలస్యంగా ఎందుకొచ్చావని అడగడానికి ఎవరికీ నోరు రాదు. పిలుపుల గురించి మాత్రం పట్టించుకోనక్కర్లేదు. నిన్నటిదాకా 'మామా' అన్నవాడు ఇవాళా అదే అంటాడు, అననివ్వండి. 'సార్' అని పిలవమని అడిగితే పిలుస్తారు గానీ, క్యాంటీన్‌లో ఆ పిలుపే ఎగతాళి అవుతుంది.

అన్నిటికన్నా ఎక్కువ గొడవ ఓటీ దగ్గర. ఓటీ గంటకు రెట్టింపు వేతనం ఇవ్వాలని 1948 ఫ్యాక్టరీల చట్టం 59వ సెక్షన్ చెప్పింది, కొత్త లేబర్ కోడ్‌లోనూ రెట్టింపే. అంటే హెల్పర్‌కి ఓటీ అంటే నెలాఖరున ఇంటికి పంపే డబ్బు. అందరూ అనుకునేట్టు ఇన్‌చార్జిలు స్నేహితులకే ఇస్తారని కాదు. రాత్రి తొమ్మిదిన్నరకు మనిషి తక్కువైతే ఫోన్ వెంటనే ఎత్తేవాడికే ఇస్తారు. కొన్నాళ్లకు ఓటీ అంతా ఓ నలుగురి దగ్గరే చేరుతుంది. చూసేవాళ్లకు అది పక్షపాతమే, మీ ఉద్దేశం ఎవరికీ అక్కర్లేదు.

నేను పెట్టిన పద్ధతి: పేర్ల పక్కన ఆఖరిసారి ఓటీ చేసిన తేదీ రాసి, లిస్టు అందరికీ కనపడే బోర్డు మీద పెట్టడం. తేదీ ఎవరిది పాతదైతే వాళ్లను ముందు అడగాలి. వద్దన్నవాళ్లు ఆ రోజు తేదీతో వరస చివరికి పోతారు, పక్కన వాళ్ల సంతకం ఉంటుంది. గ్రాన్యులేషన్‌కి (పొడిని గుళికలుగా చేయడం), కంప్రెషన్‌కి, కోటింగ్‌కి (మాత్రకు పూత వేయడం) విడి లిస్టులు కావాలి. ట్రైనింగ్ రికార్డు లేనివాణ్ని మెషిన్ మీద నిలబెట్టలేం కాబట్టి, ఒకే లిస్టు పెడితే రోజూ ఎవరినో ఒకరిని దాటాల్సి వస్తుంది. రోజూ దాటే వరసను ఎవరూ నమ్మరు. ఇంకొకటి: రాత్రి (సీ) షిఫ్ట్ చేసినవాణ్ని బతిమాలినా పొద్దుటి (ఎ) షిఫ్టుకి ఆపొద్దు. పదహారు గంటలు మేలుకున్నవాడు చేసిన పొరపాటుకి జవాబు చెప్పాల్సింది ఆపినవాడే.

ఇక సంతకం. కంప్రెషన్‌లో అరగంటకోసారి మాత్రల బరువు చూసి అప్పటికప్పుడు రాయాలని పెట్టుకుంటాం. తెల్లవారుజామున ఏదో పంచ్ (మాత్రను నొక్కే కడ్డీ) పట్టేసి ఆపరేటర్ దానిమీద పడితే రెండు ఎంట్రీలు ఖాళీగా మిగులుతాయి. ఐదున్నరకు వాటిని నింపి తెస్తాడు. 'పోనీలే పాపం' అని సంతకం పెట్టిన ఇన్‌చార్జి ఇక ఆ ఆపరేటర్‌ని గట్టిగా ఒక్కమాట అడగలేడు. ఇద్దరికీ ఒక రహస్యం ఏర్పడింది, దాని తాళం ఆపరేటర్ దగ్గరుంది. పైగా బ్యాలెన్స్ (బరువు తూచే యంత్రం) ప్రింటవుట్‌లో టైమ్ పడుతుంది. నాలుగింటి ఎంట్రీకి ఐదూ ఇరవై ప్రింటు అతికి ఉంటే ఆడిటర్‌కి వేరే సాక్ష్యం అక్కర్లేదు. ఖాళీని ఖాళీగానే ఉంచి, కారణం రాసి, రాస్తున్న టైమ్ వేసి సంతకం చేయాలి. క్యూఏకి చెప్పి డీవియేషన్ (పద్ధతి తప్పిందన్న నమోదు) వేయించాలి. ఆ రాత్రికి ఆపరేటర్ అలుగుతాడు, అలగనివ్వండి.

దీనికి దగ్గర చుట్టమే 'కొంచెం చూసి నడుపు' అనే మాట. సగటు బరువు 500 మిల్లీగ్రాములున్న మాత్రకు ఇండియన్ ఫార్మకోపియా (మందుల ప్రమాణాల అధికారిక పుస్తకం) ప్రకారం 20 తూస్తే రెండింటికి మించి 5 శాతం తేడా దాటకూడదు, ఒక్కటి కూడా 10 శాతం దాటకూడదు. ప్లాంట్ పెట్టుకునే హద్దు సాధారణంగా దీనికన్నా బిగువుగానే ఉంటుంది. బరువు ఆ హద్దుకి జరుగుతోందని ఆపరేటర్ వచ్చి చెప్పినప్పుడు 'చూసి నడుపు' అంటే, బాగుంటే పేరు ఇన్‌చార్జిది, చెడితే తప్పు ఆపరేటర్‌ది. ఇది ఆపరేటర్లకు తెలియనిది కాదు. ఆపమనో నడపమనో ఒకటే చెప్పి, మన పేరుతో లాగ్‌బుక్‌లో రాయాలి. హద్దు దాటితే మెషిన్ ఆపించి, అంతకుముందు సరిగ్గా వచ్చిన చెక్ నుంచి పడిన మాత్రలన్నీ విడి డబ్బాలో, లేబుల్‌తో పక్కన పెట్టించాలి.

లీవ్ అడిగితే 'చూద్దాం' అనడం కూడా ఇదే జాతి. సంక్రాంతికో బతుకమ్మకో ఊరెళ్లేవాడు, ఛఠ్ పండక్కి బీహార్ వెళ్లేవాడు ఆ మాటను సరేనన్నట్టే తీసుకుని టికెట్ కొనుక్కుంటాడు. ముందురోజు కాదంటే చెప్పకుండా వెళ్తాడు. పద్నాలుగు మంది షిఫ్టులో మెషిన్లు నడవడానికి పదకొండు మంది కావాలంటే ఖాళీలు మూడే. ఆ లెక్క పండక్కి నెలన్నర ముందే బోర్డు మీద రాసి పేర్లు అడగాలి. నాలుగోవాడు మిగతా ముగ్గురిలో ఒకరితో మార్చుకుంటే మనకేం అభ్యంతరం?

తిట్ల సంగతి క్లుప్తంగా: మెషిన్ గార్డ్ (రక్షణ మూత) తెరిచి, తిరుగుతున్న టరెట్ (పంచ్‌లుండే చక్రం) దగ్గర చెయ్యి పెడితే అక్కడికక్కడే అరవండి. మిగతాదంతా ఛేంజ్ రూమ్ దాటాక, రికార్డు పేజీ ముందు పెట్టుకుని, విడిగా. 'తీసేస్తా' అని మాత్రం అనొద్దు. తీసేయాలంటే చార్జ్‌షీట్, సంజాయిషీ, ఎంక్వైరీ ఉంటాయని, అవి మన చేతిలో లేవని ఫ్లోర్ మీద అందరికీ తెలుసు. మూడోసారి ఆలస్యమైతే హెచ్ఆర్‌కి రాస్తానని చెప్పి, మూడోసారి నిజంగా రాయాలి. కంపెనీ బస్సు లేటైతే అది మనిషి ఖాతాలో వేయకూడదు.

ప్లాంట్ హెడ్‌తో ముందే మాట్లాడుకోవాల్సింది ఒకటుంది: ఓటీ, లీవ్ కోసం ఎవరైనా నేరుగా ఆయన క్యాబిన్‌కి వెళ్తే తిరిగి ఇన్‌చార్జి దగ్గరికే పంపాలి. మన నిర్ణయం మార్చాలనుకుంటే ముందు మనకే చెప్పాలి. అలా మారినప్పుడు ఫ్లోర్ మీదికొచ్చి 'పైవాళ్లు చెప్పారు, నేనేం చేయను' అనకుండా, ఏం మారిందో ఎందుకో మన నోటితోనే చెప్పాలి. మనమూ లైన్ లీడర్‌ని దాటి హెల్పర్‌కి నేరుగా పని చెప్పకూడదు.

ఇప్పటికే ఓటీ గజిబిజిగా నడుస్తున్న షిఫ్టు చేతికొస్తే లిస్టు పద్ధతిని హాజరు లెక్క కొత్తగా మొదలయ్యే తేదీ నుంచే పెట్టండి, కొన్నిచోట్ల అది నెలలో 21వ తేదీ. మధ్యలో మారిస్తే పాత ఓటీ ఎవరిదో, కొత్తది ఎవరిదో తేలక మొదటి జీతం స్లిప్పు దగ్గరే పంచాయితీ మొదలవుతుంది.