మిరియాల సంచి

జయపురంలో నా పని ఒక పూటలో తేలిపోయింది. పెదనాన్నగారి పాత ఇంటి కాగితాల మీద రెండు సంతకాలు, అంతే. బస్టాండుకి ఆటో నూటయాభై అడిగితే, ఒడియా వాడే కదా అని తెలుగులో గొణుక్కున్నాను. "వినబడింది బాబూ" అన్నాడు వెనక్కి తిరక్కుండానే. ఆ ఊళ్లో ఇదొక చిక్కు. నోరు మూసుకుని నూటయాభై ఇచ్చాను.

సంచిలో రెండు కిలోల కాలాజీరా బియ్యం, అరకిలో మిరియాలు ఉన్నాయి. ఆ మిరియాలు అక్కడి కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకించిన తీగలవి. మా ఆవిడ చారుకి ప్రత్యేకంగా తెమ్మంది. కోరాపుట్, సెమిలిగుడ, పొట్టంగి అన్నీ నిద్రలో దాటేశాను. సుంకి ఘాటీ మలుపులకి మెలకువ వచ్చింది. పక్క సీట్లో ఎప్పుడెక్కారో, ఒక రిటైర్డ్ బోటనీ మాస్టారు. జయపురం తెలుగువారు, సాలూరులో కూతురి దగ్గరికి వెళ్తున్నారు.

గంజాయి సోదాకి బస్సు ఆపారు. ఎక్కడన్నది చెప్పను, ఆ దారిన తిరిగేవాళ్లకి తెలుసు. ఒకాయన ఎక్కి సంచులన్నీ వాసన చూసుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు.

"ఏటిది?"

"మిరియాలండి."

"ఘాటు ఏరేగుందే."

పేపరు పరిచి అరకిలో మిరియాలూ దాని మీద పోయించాడు. గింజ గింజా కెలికాడు. సగం సీటు కిందకి దొర్లిపోయాయి. నాకు ఒళ్లు మండింది. మాస్టారు మాత్రం నవ్వుతున్నారు.

"ఆయన ముక్కు మరీ తప్పేం కాదు బాబూ. కేరియోఫిలీన్ అని ఒకటుంది. మిరియం ఘాటు వాసనలో అదుంది, గంజాయి పువ్వులోనూ అదుంది."

వెనక సీట్ల దగ్గర సోదా తెమల్లేదు, బస్సు కదల్లేదు. చేసేదేముంది, ఆ గంటా మాస్టారి పాఠం విన్నాను. గంజాయి ఆడమొక్క పువ్వు మీద మంచు నలకల్లా మెరిసే గ్రంథులుంటాయట. మత్తు ఇచ్చే టీహెచ్‌సీ తయారయ్యేదీ, టెర్పీన్లనే వాసన నూనెలు పుట్టేదీ వాటిలోనే. ఆ టెర్పీన్లు మనకి కొత్తవేం కావు. మామిడిపండులో మిర్సీన్, కమలా తొక్కలో లిమొనీన్, ధనియాల్లో లినలూల్. మా ఆవిడ పోపులపెట్టె కూడా తెచ్చుంటే దాన్నీ పేపరు మీద పోయించేవారన్నమాట.

"నెదర్లాండ్స్‌లో గంజాయికి వంశవృక్షాలు రాస్తారు బాబూ. వైట్ విడో అని 1990ల నాటి హైబ్రిడ్. పెంచినవాళ్లు చెప్పే లెక్కన ఒక వైపు బ్రెజిల్ సటైవా రకం, రెండో వైపు మన దక్షిణాది మొక్క. అంటే ఒక వైపు చుట్టరికం ఇటేపే."

విత్తనం వేస్తే పిల్లలన్నీ ఒక్కలా రావు. అందుకే నచ్చిన తల్లిమొక్క కొమ్మలు నాటుకుంటూ పోతారట, మనం మల్లె అంట్లు కట్టుకున్నట్టు. అక్కడి కాఫీషాపుల్లో మనిషికి 5 గ్రాముల దాకా గంజాయి అమ్మితే కేసు పెట్టరు. రకానికో పేరు పెట్టి అమ్ముతారు. హైబ్రిడ్లలో టీహెచ్‌సీ 20 శాతం దాటినవీ ఉన్నాయి.

"తాగితే ఏమవుతుంది?" అన్నాను. ఇంజనీరింగ్ హాస్టల్లో ఒక్కసారి తాగి, గోడకి ఆనుకుని తెల్లార్లూ గుండెదడతో కూర్చున్న సంగతి చెప్పలేదు.

"ముందు బుర్ర ఉరుకుతాది, తర్వాత ఒళ్లు సడలుతాది అని అమ్మేవాళ్లు చెప్తారు. సటైవా అయితే హుషారు, ఇండికా రకమైతే నిద్ర అనీ అంటారు. ఆ పేర్లకీ లోపలి రసాయనాలకీ పొంతన తక్కువ. టీహెచ్‌సీ ఎంత, మనిషి ఎవరు, ఎంత తాగాడు, అసలు లెక్క అది. కొంతమందికి హుషారు బదులు భయమే పట్టుకుంటాది." నావైపు చూడకుండానే అన్నారు. ఆటోవాడూ ఇంతే.

ఇక్కడి సరుకుకీ పేరుంది, శీలావతి. పేపర్లో పట్టివేత వార్తలు చదివేవాళ్లకి తెలియంది కాదు. నా సంచిలోని కాలాజీరాకి 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. శీలావతికి వచ్చేది ఎఫ్ఐఆర్ నంబరే అన్నాను. మాస్టారు నవ్వలేదు. వెనక్కి చూస్తున్నారు.

చివరి సీటు కుర్రాణ్ణి దించుతున్నారు. ఇరవై ఏళ్లుండవు. మాసిన స్కూలు బ్యాగులోంచి బ్రౌను టేపు చుట్టిన పొట్లాలు మూడు తీశారు. నా మిరియాల కంటే వాటికే వాసన తక్కువ.

"ఎంతుంటాది?" అన్నాడు కండక్టరు.

"ఆరేడు కిలోలుండొచ్చు," అన్నారు మాస్టారు మెల్లగా. "కిలో దాటి ఇరవై లోపు. పదేళ్ల దాకా జైలు పడొచ్చు. మోసినందుకు వీడికి ఏం ఇస్తామన్నారో."

ఆ తర్వాత సాలూరు దాకా ఆయన మాట్లాడలేదు. దిగేటప్పుడు వంగి, సీటు కింద మిగిలిన మిరియాలు నాలుగు ఏరి నా చేతిలో పోశారు.

కుర్రాడి నీళ్ల సీసా మాత్రం బస్సులోనే ఉండిపోయింది. సగం నీళ్లున్నాయి. బ్రేకు వేసినప్పుడల్లా ముందుకి దొర్లి నా కాలికి తగిలేది, బస్సు ఎత్తెక్కితే వెనక్కి పోయేది. విజయనగరం కాంప్లెక్సులో క్లీనరు దాన్ని కిటికీలోంచి బయటికి విసిరేశాడు.