అద్దె సర్వర్‌లో సొంత మెయిల్

సొంత మెయిల్ సర్వర్ పెట్టుకున్నానంటే ఆఫీసులో అందరూ అడిగేది ఒకటే: "జీమెయిల్ ఫ్రీగా ఉండగా నీకెందుకీ తలనొప్పి?" నా పేరుతో డొమైన్ ఉంది, దానికి వచ్చే ఉత్తరాలు నా దగ్గరే ఉండాలనిపించింది. అంతకు మించి పెద్ద సిద్ధాంతమేమీ లేదు.

నెలకు నాలుగు వందల అద్దెకు దొరికింది ఒక కోర్, ఒక జీబీ ర్యామ్ ఉన్న వర్చువల్ మెషీన్. ఒక్క మనిషి మెయిల్‌కి అది చాలు. దాని మీద ఆపరేటింగ్ సిస్టమ్‌గా డెబియన్, మెయిల్ పంపడానికి, అందుకోవడానికి పోస్ట్‌ఫిక్స్, వచ్చినవాటిని దాచి మనకు చూపించడానికి డవ్‌కాట్, స్పామ్ వడపోతకు ఆర్‌స్పామ్‌డీ. వైరస్‌లు వెతికే క్లామ్‌ఏవీ జోలికి మాత్రం పోలేదు. వైరస్ గుర్తుల జాబితా మొత్తాన్నీ మెమరీలోకి ఎక్కించుకుంటుంది, నాకున్న ఒక్క జీబీ దానికే చాలదు.

మెయిల్ అందుకోవడం ఒక సాయంత్రం పని. డొమైన్ మెయిల్ ఏ సర్వర్‌కి రావాలో చెప్పే ఎమ్‌ఎక్స్ రికార్డు పెట్టి, సర్వర్ల మధ్య మెయిల్ నడిచే 25వ పోర్టు తెరిస్తే ఎవరైనా మనకు రాయొచ్చు. ఎవరైనా అంటే నిజంగానే ఎవరైనా. సర్వర్ లేచిన కాసేపటికే లాగ్‌లో 'అడ్మిన్', 'ఇన్ఫో', 'టెస్ట్' పేర్లతో పాస్‌వర్డులు ప్రయత్నించేవాళ్లు బారులు తీరారు. తప్పు పాస్‌వర్డులు కొట్టేవాళ్లను అడ్డుకునే ఫెయిల్‌టుబ్యాన్ పెట్టాక కాస్త తగ్గింది.

అసలు కథంతా పంపడంలోనే. స్పామర్ల భయంతో సర్వర్లు అద్దెకిచ్చే చాలా కంపెనీలు బయటికి వెళ్లే 25వ పోర్టును మూసే ఉంచుతాయి. టికెట్ పెట్టి, ఏం పంపుతామో ఎందుకు పంపుతామో చెప్పి తెరిపించుకోవాలి. తర్వాత ఐపీ (సర్వర్ నంబరు చిరునామా) నుంచి పేరు వచ్చేలా పీటీఆర్ రికార్డు. అది డొమైన్ రికార్డులుండే మన డీఎన్ఎస్‌లో పెట్టేది కాదు, ఐపీ ఎవరిదో వాళ్ల ప్యానెల్‌లో పెట్టాలి. ఇక ఆ ఐపీకి ముందే ఒక చరిత్ర ఉంటుంది. అద్దె ఇంట్లో దిగగానే పాత కాపురస్తుడి అప్పులవాళ్లు తలుపు కొట్టినట్టు, నాకంటే ముందు వాడినవాడి పుణ్యాన స్పామ్ పంపే ఐపీల బ్లాక్‌లిస్టు ఒకదానిలో నా ఐపీ ఉంది. తీసేయమని అర్జీ పెడితే తీసేశారు.

నా డొమైన్ పేరుతో ఏ సర్వర్లు పంపొచ్చో చెప్పే ఎస్‌పీఎఫ్ ఒక్క లైను పని. వెళ్లే మెయిల్‌కి డిజిటల్ సంతకం పెట్టే డీకిమ్ దగ్గర తీరిగ్గా కూర్చోవాలి. ఆ సంతకాన్ని సరిచూసే 2048 బిట్ల కీ అక్షరాలన్నీ కలిపితే 255 దాటుతాయి, దాన్ని పెట్టే టీఎక్స్‌టీ రికార్డులో ఒక ముక్క అంతకు మించకూడదు. కొన్ని ప్యానెళ్లు వాటంతటవే రెండు ముక్కలు చేస్తాయి. నాది చేయదు, కొటేషన్ గుర్తులు పెట్టి చేత్తో విరగ్గొట్టాలి.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ నియమాలు బిగించాయి. పెద్ద మొత్తంలో (గూగుల్ లెక్కలో జీమెయిల్‌కి రోజుకు 5,000 పైన) పంపేవాళ్లకి ఎస్‌పీఎఫ్, డీకిమ్, ఆ పరీక్షలు తప్పిన మెయిల్‌ని ఏం చేయాలో చెప్పే డీమార్క్ మూడూ తప్పనిసరి. నేను నెలంతా కలిపి యాభై పంపితే గొప్ప, అయినా మూడూ పెట్టాను. చిక్కల్లా ఆ తక్కువలోనే ఉంది. ఎక్కువ పంపేవాడికి మంచో చెడో ఒక పేరుంటుంది, నాలాంటివాడు ఎవరో కూడా వాళ్లకు తెలియదు.

నాన్నగారికి పంపిన మొదటి మెయిల్ లాగ్‌లో '250 ఓకే' (అవతలి సర్వర్ తీసుకుంది) అని శుభ్రంగా వెళ్లిపోయింది. కాసేపాగి ఫోన్.

"ఏం రాలేదురా."

"స్పామ్‌లో చూడండి నాన్నా."

"ఆఁ, ఉంది. పైన లాటరీ వాడు, కింద అప్పులిచ్చేవాడు, మధ్యలో నువ్వు."

'నాట్ స్పామ్' నొక్కించి, దానికే ఒక జవాబు కూడా రాయించాను. అప్పటినుంచి ఆయనకు ఇన్‌బాక్స్‌లోకే వెళ్తున్నాయి. ఇంకో పెద్ద సర్వీసు ఉంది, పేరెందుకుగానీ, 250 అని నవ్వుతూ తీసుకుని మెయిల్‌ని ఎక్కడ పడేస్తుందో చెప్పదు. దానికంటే '451, కాసేపాగి రా' అనే సర్వర్లు నయం. పోస్ట్‌ఫిక్స్ కాసేపాగి మళ్లీ వెళ్తుంది, లోపలికి రానిస్తారు.

సర్వర్ ఆగిపోతే మెయిల్స్ పోతాయేమోనని చాలామందికి టెన్షన్. అంత తొందరగా పోవు. అవతలి సర్వర్ క్యూలో ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజులు చూస్తుంది. నా టెన్షన్ డొమైన్ గురించి. రెన్యువల్ తప్పితే ఎవడో కొనుక్కుని నా పాస్‌వర్డ్ రీసెట్ మెయిల్స్ హాయిగా చదువుకుంటాడు. అందుకే బ్యాంకు, ఆదాయపు పన్ను లాగిన్లు ఇంకా జీమెయిల్ మీదే ఉన్నాయి. డాట్‌కామ్‌కి పదేళ్ల డబ్బు ఒకేసారి కట్టేయొచ్చు. ఈసారి బోనస్ వచ్చాక ఆ పని చేసి, అప్పుడు మారుస్తాను.