రావిచెట్టు కట్ట దాకా

మా నాయనకి పక్షవాతం వచ్చి మొన్న శివరాత్రికి రెండేండ్లు అయింది. మాది పాకాల పక్కన పల్లె, నేనేమో తిరుపతిలో ఉంటా. ఆరోజు పొద్దున లేచి కాఫీ తాగతా ఉన్నాడంట, మూతి ఒక పక్కకి పోయింది, కుడి చెయ్యి కుడి కాలు పడిపోయినాయి, మాట లేదు. గాలి సోకిందని ఒకరు, నాటుమందు తాపిద్దామని ఇంకొకరు, ఆ మాటల్లోనే పొద్దెక్కింది, తిరుపతికి తెచ్చేసరికి మధ్యాహ్నం దాటింది. మెదడు రక్తనాళంలో రక్తం గడ్డ అడ్డుపడిన రకం అయితే దాన్ని కరిగించే ఇంజెక్షన్ 4.5 గంటల లోపలే ఇయ్యాల, మాకు ఆ టైం చేజారిపోయింది. దయచేసి మూతి వంకర పోయినా, చెయ్యి పైకి లేవకపోయినా, మాట తడబడినా 108కి ఫోన్ చేయండి, సీటీ స్కాన్ ఉండే ఆస్పత్రికే పోండి.

డిశ్చార్జ్ రోజు ఫిజియోథెరపీ చేయించండి అన్నారు, పల్లెలో ఎవరు చేస్తారో చెప్పలేదు. కొన్నాళ్ళు తిరుపతికి తిప్పినాం, పోను రాను ఒక పూట, ఆటో కుదుపులకే ఆయన సొమ్మసిల్లేవాడు. మేం చేసిన తప్పు ఒకటి చెప్పాల. మంచం మీంచి లేపేటప్పుడు ఆ పడిపోయిన చెయ్యే పట్టుకోని లాగేవాళ్ళం, భుజం కీలు జారి రాత్రంతా నొప్పితో మూలిగేవాడు. తర్వాత ఫిజియో ఆమె మా అమ్మకి నేర్పించింది, నడుముకి టవల్ కట్టి దాన్ని పట్టుకోని లేపాల, కూర్చున్నప్పుడు ఆ చెయ్యి కింద దిండు పెట్టాల, సంగటి తినిపిస్తే నిటారుగా కూర్చోబెట్టి చిన్న ముద్దలు, తిన్నాక అరగంట పండుకోనియ్యకూడదు.

నాలుగు నెల్లకి కర్ర పట్టుకోని నడిచినాడు. మేం సంతోషపడినాం గానీ ఆయన గడప దాటలేదు. మూతి పక్కన చొంగ కారతాదని సిగ్గు, మాట రాదని కోపం. నీళ్ళు అనాలంటే రాదు, అదే టీవీలో కొండమీది సేవ వస్తే గోవిందా గోవిందా అని స్పష్టంగా పలికేవాడు. మాట పోయినోళ్ళకి అలవాటైన పాటలు, ప్రార్థనలు ఒక్కోసారి అట్లా మిగిలి ఉంటాయంట, నాకు అది విన్నప్పుడల్లా ఏడుపొచ్చేది.

సమాజ ఆధారిత పునరావాసం అని ఒక మాట ఉంది, అంటే వైకల్యం వచ్చిన మనిషిని సొంత ఊళ్ళోనే, ఊరి మనుషుల తోడుతోనే మళ్ళా బతుకులోకి తేవడం. అందరికీ ప్రాథమిక వైద్యం అందాలన్న 1978 ఆల్మా ఆటా ప్రకటన తర్వాత దీన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందుకు తెచ్చింది, 2010లో మార్గదర్శకాలు కూడా వచ్చినాయి. అందులో ఐదు భాగాలు, ఆరోగ్యం, చదువు, జీవనోపాధి, సామాజిక జీవితం, సాధికారత. ఐదింటిలో ఆరోగ్యం ఒక్కటే. మేము అప్పటిదాకా ఆ ఒక్కదాని చుట్టూనే తిరిగినాం.

మిగతాది ఊరే చేసింది, దానికి పేరుందని కూడా ఊళ్ళో ఎవరికీ తెలీదు. మేస్త్రీ మామ గడప ముందర మెట్టు కొట్టేసి వాలుగా సిమెంటు పోసినాడు, కూలి తీసుకోలా. క్షవరం చేసే అన్న ఆదివారం ఇంటికే వచ్చి గడ్డం గీసేవాడు, గడ్డం గీసినరోజు నాయన అద్దం అడిగేవాడు చేత్తో. ఇంక గ్రామ సచివాలయంలో పని చేసే పాప దగ్గరుండి, వైకల్యం సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకి స్లాట్ పెట్టించింది, సర్టిఫికెట్ చేతికొచ్చినాక ఆ పాపే పెన్షన్‌కి రాయించింది, ఇప్పుడు నెలకి 6,000 వస్తాంది, మందులకి మమ్మల్ని అడగాల్సిన పని లేదని ఆయనకి ఎంత నెమ్మదో.

అన్నిటికన్నా పెద్ద మందు పులిజూదం. రావిచెట్టు కట్ట మీద బండకి గీసిన పట ఉంది, 3 పులులు 15 మేకలు. ఆయన పాత జోడీ ఒకాయన ఇంటికొచ్చి చెయ్యి పట్టుకోని పిల్చుకోని పోయినాడు, ఎడమచేత్తో ఆడితే ఒప్పుకునేవాడు కాదు, "కుడిచేత్తో పెట్టన్నా, నేను కాచుకోనుంటా" అని కూర్చునేవాడు. ఒక్క చింతగింజ ఎత్తడానికి బొటనవేలు వణకతా వణకతా చూపుడువేలి దగ్గరికి వచ్చేది, జారిపోయేది, మళ్ళా. చుట్టూ ఉన్నోళ్ళు నోరెత్తరు. ఇంట్లో బంతి పిసకమంటే విసిరికొట్టే మనిషి అక్కడ గంటన్నర ఆ వేళ్ళతోనే పోరాడేవాడు.

చొక్కా గుండీలు ఇప్పటికీ అమ్మే పెడతాది, మాటలు ఒకటీ రెండే. నిన్న సాయంత్రం ఫోన్ చేసి నాయనకి ఇయ్యమ్మా అంటే, "ఇంట్లో లేడు పాపా, ఎప్పుడో పోయినాడు" అనింది.