రోమ్‌లో పరుగు: నల్లరాయి, మట్టి, కొళాయి నీళ్ళు

రోమ్‌లో పరుగుకి రూటు వేసుకునేటప్పుడు ఏమేం చూడాలన్నది తర్వాతి మాట. కాలికింద ఏముంటుందో ముందు తెలియాలి. ఈ సంగతి నాకెవరూ చెప్పలేదు, మోకాళ్ళే చెప్పాయి. ఆఫీసు పని మీద కొన్ని వారాలు శాన్ జొవాన్ని ప్రాంతంలో బస చేశాను. పగలంతా మీటింగులు. ఊరు చూడాలంటే పొద్దున్నే చూడాలి, అదీ పరుగెత్తుతూ చూడాలి. పోనీ ఏదైనా రేసులో పేరిద్దామా అంటే, అప్పట్లో ఇటలీలో పోటీ పరుగుకి నాలాంటి విదేశీయుల్ని కూడా ఈసీజీతో సహా పరీక్షలు చేసిన డాక్టర్ సర్టిఫికెట్ అడిగేవారు. ఆ తతంగమంతా ఎందుకని నా దారి నేనే వెతుక్కున్నాను.

పాత ఊరి వీధుల్లో చాలాచోట్ల నేలంతా నల్లరాళ్ళే. సాంపియెత్రీనీ అంటారు. అరచేతిలో పట్టేంత బసాల్టు రాళ్ళను పక్కపక్కనే దిగ్గొట్టి వేసిన దారి. ఏళ్ళ తరబడి బండ్లు తిరిగి కొన్ని కుంగాయి, కొన్ని లేచాయి. మధ్యలో వేలు దూరేంత సందులు. పొడిగా ఉన్నప్పుడు పర్వాలేదు కానీ రాత్రి జల్లు పడితే పొద్దున నూనె పోసినట్టు జారతాయి. నెక్లెస్ రోడ్డు తారు మీద అలవాటైన అడుగు ఇక్కడ పనికిరాదు. చిన్న చిన్న అడుగులు వేస్తూ, చూపు నాలుగు గజాల ముందు పెట్టి వెళ్ళాలి. ఇక గోపురాలూ శిల్పాలూ చూడాలంటే ఆగి చూడటమే. నేను ఆగేవాడిని. వాచీలో పేస్ ఎంత పడిపోయిందో చూసుకోవడం తొందరలోనే మానేశాను.

పనిదినాల్లో నాకు బాగా కుదిరిన చోటు సిర్కో మాస్సిమో. రథాల పందేలకు కట్టిన మైదానం, పొడవు ఆరువందల మీటర్లు. ఒకప్పుడు లక్షన్నర మందికి పైగా కూర్చుని చూసేవారట. ఇప్పుడు రాతి మెట్లు లేవు, గడ్డీ మట్టీ పరుచుకున్న పెద్ద పల్లం మాత్రం మిగిలింది. అసలు పందెపు నేల దాని కింద మీటర్ల లోతున పూడిపోయి ఉంది. ఒక చుట్టు తిరిగితే కిలోమీటరు దాటుతుంది. పైన పలటైన్ కొండ మీద చక్రవర్తుల మేడల శిథిలాలు, కింద కుక్కల్ని తిప్పేవాళ్ళు, ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చుట్లు కొట్టే ఆఫీసు జనం. అన్నట్టు, అక్కడ కుక్కలన్నీ గొలుసులతోనే కనిపించాయి. హైదరాబాద్‌లో తెల్లవారుజామున పరుగెత్తినవాళ్ళకే తెలుస్తుంది అది ఎంత సుఖమో! ఆ టెన్షన్ అంతా ఇక్కడ కార్ల దగ్గర పడాలి. జీబ్రా గీతల మీద కాలు పెట్టినా, డ్రైవర్ కళ్ళలోకి ఒకసారి చూసి గానీ దాటకూడదు.

టిబెర్ నది ఒడ్డు ఇంకో దారి. 1870 డిసెంబర్‌లో ఊరు మునిగేంత వరద వచ్చింది. ఆ తర్వాత 1876 నుంచి నదికి రెండువైపులా ఎత్తైన గోడలు కట్టారు. మెట్లు దిగి ఆ గోడల అడుగుకి చేరితే పైనున్న ట్రాఫిక్ రొద సగం తగ్గిపోతుంది. కుడి గట్టున సైకిళ్ళ దారి చదునుగా ఉంటుంది, కాలికి హాయి. ఒకటే ఇబ్బంది, మెట్లు దూరదూరంగా ఉంటాయి. మధ్యలో కాలు పట్టేస్తే వెనక్కి నడవడం తప్ప దారి లేదు. ఆ దారిలో ఫబ్రీచియో వంతెన కనిపిస్తుంది. క్రీస్తుపూర్వం 62లో కట్టింది, ఇవాళ్టికీ జనం దాని మీదే నది మధ్య దీవికి నడిచి వెళ్తున్నారు. మన దగ్గర నిన్నగాక మొన్న కట్టిన ఫ్లైఓవర్లు గుర్తొచ్చాయి. ఆ సంగతి వద్దులెండి.

నీళ్ళకి ఎక్కడా లోటు లేదు. ఊళ్ళో దాదాపు 2,500 పోతఇనుము కొళాయిలున్నాయి, నజోనీలంటారు. 1874 నుంచి పెడుతూ వచ్చారు. ఇళ్ళకి వచ్చే తాగునీరే వీటిలోనూ వస్తుంది. వంపు తిరిగిన గొట్టం చివర వేలితో మూస్తే పైనున్న చిన్న చిల్లులోంచి నీళ్ళు ఎగజిమ్ముతాయి, వంగి తాగడమే. ఇది ఒక ముసలాయన నాకు చేసి చూపించారు. నాకు ఇటాలియన్ రాదు, ఆయనకి ఇంగ్లీషు రాదు. వేలు పెట్టి చూపించి, "చూశావా" అన్నట్టు కనుబొమ్మలెగరేసి తన దారిన వెళ్ళిపోయారు. ఆ రోజు నుంచి బాటిల్ మోయడం మానేశాను, ఆదివారాలు తప్ప.

ఆదివారం అప్పియా దారి కోసం. క్రీస్తుపూర్వం 312లో రోమన్ అధికారి అప్పియస్ క్లాడియస్ మొదలుపెట్టిన రోడ్డు ఇది. మొదట కాపువా దాకా వేశారు, తర్వాత తూర్పు తీరంలోని బ్రిందిసి రేవు దాకా పొడిగించారు. 2024లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది. బస దగ్గర్నుంచి ఆరేలియన్ గోడ పక్కనే వెళ్ళి శాన్ సెబాస్తియానో ద్వారం దాటాను. ఊరి చుట్టూ కట్టిన మూడో శతాబ్దపు గోడ అది, సుమారు 19 కిలోమీటర్లు. ఇప్పటికీ చాలా మేరకు నిలబడి ఉంది. ద్వారం దాటిన కాసేపటికే కుడివైపు గోడలో మొదటి మైలురాయి నమూనా కనిపిస్తుంది. రోమన్ మైలు అంటే కిలోమీటరున్నరకి కాస్త తక్కువ.

అక్కణ్ణుంచి కొంతదూరం అసలు ఇబ్బంది. రెండువైపులా ఎత్తైన గోడలు, ఫుట్‌పాత్ లేదు, దారేమో ఇరుకు. ఆదివారాలు కార్లు రాకూడదనే నియమం ఉంది కానీ ఏదో ఒకటి వస్తూనే ఉంటుంది. క్వో వాదిస్ చర్చి దగ్గర దారి చీలుతుంది. పారిపోతున్న పీటరుకు క్రీస్తు ఎదురుపడ్డాడని చెప్పే చోటు అది. లోపల పాదముద్రలున్న పాలరాయి నమూనా ఉంది. అసలుది దగ్గర్లోని శాన్ సెబాస్తియానో చర్చిలో ఉంది. పాదాల గురించే ఆలోచిస్తున్న మనిషిని కదా, ఆగి చూశాను. ఆ చీలిక మధ్యలో శాన్ కల్లిస్తో సమాధుల తోటలోంచి ఇంకో దారి పోతుంది. కార్ల గొడవ ఉండదు, రెండువైపులా పొలాలు. పరుగెత్తేవాళ్ళు ఆ దారే పట్టాలి. బుధవారాలు మాత్రం మూసి ఉంటుంది.

చెచీలియా మెతెల్లా అనే రోమన్ సంపన్న మహిళ గుండ్రటి సమాధి దాటాక అసలు రోడ్డు మొదలవుతుంది. చాటంత చాటంత బసాల్టు పలకలు, వాటి మీద బండి చక్రాల గాడులు. ఒక పలక నుంచి ఇంకో పలక మీదకి దాదాపు గెంతాల్సిందే. అందుకే అందరూ పక్కనున్న మట్టిబాట మీద నడుస్తారు, నేనూ అంతే. కానీ కొన్ని చోట్ల కావాలనే రాళ్ళెక్కి పరుగెత్తాను. 1960 సెప్టెంబర్ 10 రాత్రి ఒలింపిక్ మారథాన్ ఈ దారి గుండానే ఊళ్ళోకి వచ్చింది. సైనికులు కాగడాలు పట్టుకుని నిలబడితే ఆ వెలుగులో ఇథియోపియా రన్నర్ అబెబె బికిలా వట్టి కాళ్ళతో పరుగెత్తి గెలిచాడు. కొత్త షూస్ పాదానికి కుదరలేదని అంటారు. ఇథియోపియాలో వట్టి కాళ్ళతో సాధన చేసిన మనిషే కాబట్టి వాటిని పక్కన పెట్టేశాడు. మెత్తటి షూస్ వేసుకుని పట్టపగలు నాలుగు వందల మీటర్లకే నా అరికాళ్ళు మండాయి. ఆయన 42 కిలోమీటర్లు రెండు గంటల పదిహేను నిమిషాల పదహారు సెకన్లలో ముగించాడు.

ఐదో మైలు దగ్గర క్వింతిలీ సోదరుల విల్లా శిథిలాల దాకా వెళ్ళి వెనక్కి తిరిగాను. పోనూ రానూ పద్దెనిమిది కిలోమీటర్ల పైచిలుకు. ఊరు దాటాక కొళాయిలు పలచబడతాయి, బాటిల్ తప్పనిసరి.

తిరిగి వచ్చేటప్పుడు బసకి వెళ్ళకుండా బికిలా దారే పట్టాను. ముగింపుకి కొద్దిదూరంలో కపేనా ద్వారం కూడలి వస్తుంది. 1937లో ముస్సోలినీ ప్రభుత్వం ఇథియోపియాలోని అక్సుమ్ నుంచి ఎత్తుకొచ్చిన పెద్ద రాతిస్తంభాన్ని ఇక్కడే నిలబెట్టింది. తన దేశపు స్తంభం దాటగానే బికిలా వేగం పెంచి, పక్కనే పరుగెత్తుతున్న మొరాకో రన్నర్ రాదీని వదిలేశాడని చెబుతారు. కాన్‌స్టంటైన్ తోరణం దగ్గర గీత దాటేసరికి తేడా 25 సెకన్లు. స్తంభం 2005లో అక్సుమ్‌కి తిరిగి వెళ్ళింది. ఆ చివరి ముక్క నేనూ పరుగెత్తాను కానీ సెల్ఫీ కర్రల మధ్య అడ్డంగా, పక్కగా, అక్కడక్కడా నడుస్తూ. అక్కడ నిజంగా పరుగెత్తాలనుంటే ఆరున్నరకే వెళ్ళాలి. అక్టోబర్‌లో అప్పటికింకా చీకటే, అయినా వీధిదీపాలు చాలు. ఎనిమిది దాటిందంటే టూరు గ్రూపులు జెండాలు పట్టుకుని దిగిపోతాయి.