దేవుల్టి స్టేషన్లో దిగి

మా అమ్మ పెళ్లయ్యేదాకా 'దేవదాసు' రాసిన బెంగాలీ రచయిత శరత్‌బాబు తెలుగాయనే అనుకుందట. చక్రపాణి అనువాదాలు చదివి పెరిగినవాళ్లలో ఆవిడొక్కతే కాదులెండి. అందుకే నేను ఖరగ్‌పూర్‌లో పిన్ని ఇంటికి వెళ్లానని తెలియగానే, "ఆయన ఇల్లు మీ లైన్లోనే ఉందిట, చూసి రా" అని ఫోన్లో ఒకటే పోరు.

హౌరా వెళ్లే లోకల్ ఎక్కాం. కోలాఘాట్ దాటగానే రూప్‌నారాయణ్ నది మీద వంతెన. "ఇక్కడి ఇలిష్ అంటే బెంగాలీలు పడి చస్తారు. మన పులసేగా!" అంది పిన్ని. అవతలి ఒడ్డున దేవుల్టి. ముప్పై ఏళ్లుగా ఈ లైన్లో తిరుగుతున్నా పిన్ని అక్కడ దిగడం అదే మొదటిసారి. బ్యాటరీ ఆటోని అక్కడ టోటో అంటారు. బేరమాడి ఎక్కాం.

ఊరి పేరు సామ్తాబేడ్. ఎర్ర పెంకుల రెండంతస్తుల ఇల్లు, చుట్టూ వరండా, బర్మా తరహా కట్టడం. 1903 నుంచి 1916 దాకా రంగూన్లో గుమాస్తాగిరీ చేసిన మనిషి కదా! 1926లో ఇక్కడికొచ్చారు. 1978 వరదల్లో ఇల్లు దెబ్బతింటే తర్వాత బాగుచేశారు.

గదుల్లో మంచం, హుక్కా, పుస్తకాల బీరువా. ఊళ్లోవాళ్లకి ఆయన హోమియో మందులు కూడా ఇచ్చేవారట. రాసుకునే బల్ల దగ్గర మాత్రం నా కాళ్లు కదల్లేదు. అక్కడ కూర్చుంటే అప్పట్లో నది కనిపించేదట. ఇప్పుడు ఎంత తొంగి చూసినా చెట్లే. అమ్మకి వీడియో కాల్ చేశాను.

"నది ఏదే?"

"దూరం జరిగిపోయిందమ్మా."

"నది జరగడమేంటే! సరే, ఆ బల్ల ఇంకోసారి చూపించు."

చూపించాను. ఎంతకీ మాట్లాడదు. సిగ్నల్ పోయిందేమో అనుకున్నాను.

తోటలో సమాధులున్నాయి. ఒకటి 1938లో పోయిన శరత్‌ది, ఒకటి సన్యాసం పుచ్చుకున్న తమ్ముడు వేదానందది, ఇంకొకటి భార్యది. "ఆవిడ పేరేంటి?" అంది అమ్మ.

"హిరణ్మయి."

"పార్వతి, చంద్రముఖి, రాజ్యలక్ష్మి... అందరూ నోటికొచ్చు నాకు. ఈవిడ పేరు ఇప్పుడా వినడం!"

పిన్ని అప్పటికే టోటో ఎక్కేసి, లోకల్ తప్పిపోతుందని కేకలేస్తోంది. "ఉండవే," అంది అమ్మ, "ఆవిడ సమాధి దగ్గరకి వెళ్లి చూపించు."